జడ వేసుకుంటారా, తాళాలు పట్టుకుంటారా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతా చదివేవాళ్లకూ తెలుస్తుంది. మీకు 34 ఏళ్లు. చెన్నైలో ఒక పెద్ద కూచిపూడి బృందంలో పన్నెండేళ్లు బ్యాలేల్లో చేశారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక గుంటూరు వచ్చేశారు. చేతిలో పదిహేను లక్షలున్నాయి. ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే సొంత బృందం పెట్టాలనుంది. డబ్బు సరిపోతుందా, ఎంతమందితో మొదలుపెట్టాలి, రిజిస్ట్రేషన్ సంగతేమిటి అని అడిగారు. అన్నీ అడిగేసి చివర్లో చిన్నగా ఇంకోటి పెట్టారు: "మొదటి రెండు మూడేళ్లు ప్రధాన పాత్ర నేనే చేస్తే బృందానికి త్వరగా పేరొస్తుంది కదా?"

నేను ఆ చివరిదానితోనే మొదలుపెడతాను. మిగతావి ఆడిటర్ చెప్తాడు, పట్టుచీరల కొట్టాయన చెప్తాడు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు, మొహమాటం.

నేనూ బ్యాలేల మనిషినే. మన తెలుగువాళ్లకు బ్యాలే అంటే కాలి మునివేళ్ల మీద నిలబడి చేసే పాశ్చాత్య నృత్యం కాదు. పాతికమంది కలిసి ఒక కథని ఆడితే అది బ్యాలే. "ఈసారి బ్యాలే పెడుతున్నారా, సోలోలేనా?" అని కమిటీవాళ్లు అడిగేది దాని గురించే. మద్రాసులో పదమూడేళ్లు చేశాను. అందులో తొమ్మిదేళ్లు చెలికత్తెనే. ఆ తర్వాత పాత్రలు వచ్చాయి. 2001లో విజయవాడ వచ్చి సత్యనారాయణపురంలో ఒక మేడ మీద హాలు అద్దెకు తీసుకుని, తొమ్మిదిమంది ఆడపిల్లలతో బృందం మొదలుపెట్టాను. అప్పుడు మీరు అనుకుంటున్నట్టే అనుకున్నాను. భామ, అదే సత్యభామ, నేనే, రుక్మిణి నేనే, పద్మావతి నేనే.

నాలుగేళ్లు అలాగే నడిచింది. బాగానే పేరొచ్చింది, నిజమే. కానీ పేరు నాకొచ్చింది. ప్రోగ్రాం అడగడానికి ఫోన్ చేసే ప్రతివాళ్లూ మొదట అడిగేది "మేడమ్, మీరు వస్తున్నారు కదా?" అనే. నాకు జ్వరం వస్తే ప్రోగ్రాం లేదు. వెనకున్న పిల్లలు వెనక నిలబడటమే నేర్చుకున్నారు. వాళ్ల తప్పు కాదు, నేను నేర్పింది అదే.

2005లో కృష్ణా జిల్లాలో ఒక ఊరి తిరునాళ్లలో సత్యభామ కథ, భామాకలాపం చేశాం. స్టేజీ మధ్యలో నేను కృష్ణుడికి లేఖ రాస్తున్నాను, కళ్లనిండా నీళ్లు, జనం కదలకుండా చూస్తున్నారు. మర్నాడు ఎవరో తీసిన వీడియో పెట్టుకుని చూశాను. నా వెనకాల ఒక చెలికత్తె గజ్జెల తాడు తెగింది. మువ్వలు స్టేజీ అంతా దొర్లాయి. చివర్లో నిలబడ్డ చిన్నపిల్ల ఒక మువ్వ మీద కాలేసి జారి, చెయ్యి ఆన్చుకుని లేచి, ఏం కానట్టు మళ్లీ చేతులు కట్టుకుని నిలబడింది. ఆ పిల్ల మోచెయ్యి గీరుకుపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సులో నా పక్కనే కూర్చుంది, చెప్పలేదు. నేను చూడలేదు. స్టేజీ మధ్యలో ఉన్నవాళ్లకి జనం కనిపిస్తారు, బృందం కనిపించదు.

ఆ వారమే గురువుగారి దగ్గరికి వెళ్లి నట్టువాంగం, అంటే పక్కన కూర్చుని చేతి తాళాలు వేస్తూ ఆటని నడిపించడం, మొదటినుంచి మళ్లీ నేర్పమన్నాను. జతులు, అంటే అడుగులకి పలికే తకధిమి మాటలు, నోటికి వచ్చు కదా, ఎంతసేపు అనుకున్నాను. రెండేళ్లు పట్టింది. నోటితో జతి చెప్తూ, చేత్తో తాళం వేస్తూ, కళ్లతో పన్నెండుమంది పాదాలు చూడటం వేరే విద్య.

కాబట్టి మీ ప్రశ్నకి నా సమాధానం ఇదీ. మీ మోకాలు మీకు మేలే చేసింది, కోప్పడకండి. మీ చోటు స్టేజీ మధ్యలో కాదు, పక్కన తాళాలు పట్టుకుని కూర్చునే చోట. అక్కడినుంచి కాలం మీ చేతిలో ఉంటుంది. ఒక పిల్ల అలసిపోతే జతి కొంచెం వదులుగా వేయొచ్చు. జనం కదులుతుంటే ఒక దరువు, అంటే పాట, వదిలేయొచ్చు. మృదంగం ఆయన కళ్లలోకి చూస్తే చాలు, మిగతావాళ్లందరికీ వెళ్తుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. క్షీరసాగర మథనం, శ్రీకృష్ణ పారిజాతం, పద్మావతీ శ్రీనివాసం, చండాలిక, ఇలా వరుసగా వచ్చిన నృత్య రూపకాల్లో జనానికి కనిపించింది ఆయన శిష్యులు. ఆయన పక్కన తాళాలతో ఉండేవారు. మాట భుజంగరాయశర్మగారిది, పాట పట్రాయని సంగీతరావుగారిది. ఒక్కరి చేతిమీద నడిచింది కాదది. మనిషి 2012లో వెళ్లిపోయారు. ఆ రూపకాలు ఇవాళ్టికీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆడుతూనే ఉన్నారు.

దానికి ఎదురుగా అన్నా పావ్లోవాని పెట్టి చూడండి. అసలు బ్యాలేకి ఆమెను మించిన పేరు లేదు. రష్యాలో పుట్టి, సెయింట్ పీటర్స్‌బర్గ్ రాజ నాటకశాలలో పెరిగి, అక్కడినుంచి బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టుకుంది. 1912లో లండన్‌లో ఇల్లు కొనుక్కుంది గానీ ఆ ఇంట్లో ఉన్నది తక్కువ, ఓడల్లో రైళ్లలో ఉన్నదే ఎక్కువ. మన దేశానికీ వచ్చింది. 1923లో నర్తకుడు ఉదయశంకర్ చేత రాధాకృష్ణుల నృత్యం కట్టించి ఆయనతో కలిసి తనే ఆడింది. రుక్మిణీదేవి అరండేల్‌కి నాట్యం మీద ఆశ పుట్టించిందీ ఆవిడే. పావ్లోవా కంపెనీలో ఉన్న క్లియో నార్డి దగ్గర రుక్మిణీదేవి కొన్నాళ్లు బ్యాలే నేర్చుకుంది, ఆ తర్వాతే భరతనాట్యంలోకి మళ్లింది, 1936లో కళాక్షేత్రం అనే నాట్య విద్యాలయం పెట్టింది. అంటే పావ్లోవా ఊరూరా తిరగడం వల్ల మన దగ్గర రెండు పెద్ద దీపాలు వెలిగాయి. కానీ ఆమె సొంత కంపెనీ? 1931 జనవరిలో ప్రయాణంలోనే జబ్బుచేసి హేగ్ నగరంలో పోయింది, యాభై ఇంకా నిండలేదు. మర్నాటి ప్రదర్శనలో ఆమె హంస నృత్యం వచ్చే వేళకి ఖాళీ స్టేజీ మీద లైటు మాత్రం తిప్పుతూ సంగీతం వాయించారని చెప్తారు. కంపెనీ అక్కడితో చెదిరిపోయింది. అంతా ఆమె చుట్టూ కట్టిందే, ఇంకెలా నిలబడుతుంది?

మా భామ వేషాన్ని పందొమ్మిదేళ్ల అమ్మాయికి ఇచ్చాను. మీకు తెలిసిందే, తెర వెనకనుంచి భామ తన జడని తెరమీదుగా ఇవతలికి వేస్తుంది, నాతో పోటీపడగలవాళ్లు ఎవరున్నారు అని సవాలు. మొదటి రోజు విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం హాల్లో. ఇద్దరు కుర్రాళ్లు తెర పట్టుకున్నారు. జడ ఇవతలికి పడింది, జారి మళ్లీ అవతలికే పోయింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నా గుండె ఆగింది. లేచి వెళ్లి నేనే వేసేద్దామనిపించింది, ఒట్టు. కూర్చున్నచోట కూర్చుని అదే జతిని ఇంకో ఆవర్తం తిప్పాను. రెండోసారి జడ పడి నిలిచింది. చప్పట్లు కొట్టారు. మొదటిసారే నిలిచి ఉంటే అన్ని చప్పట్లు వచ్చేవి కావేమో. ఆ అమ్మాయి ఇప్పుడు కెనడాలో ఉంది. ఆమె తర్వాత మాకు ఇంకో నలుగురు భామలు వచ్చారు.

సరే, డబ్బు. పదిహేను లక్షలు చాలు. కానీ పదిహేనూ పెట్టుబడి అనుకోవద్దు. ఆరు లక్షలు పెట్టుబడి, తొమ్మిది లక్షలు ఊపిరి.

ఆరులో ఏముంటాయంటే, పన్నెండుమందికి రెండేసి జతల ఆహార్యం, అంటే వేషం బట్టలు. ధర్మవరం పట్టు తీసుకుని కుట్టిస్తే జత పన్నెండు వేల దాకా నాకు పడింది, అంటే మూడు లక్షలకు కాస్త తక్కువ. నగలు సెట్టు ఆరు వేల లెక్కన డెబ్భై వేలు. కాసుల పేరు, వడ్డాణం, రాగిడి, చంద్రవంక, జడబిళ్లలు అన్నీ కలిపి. సవరాలు వేరే. సంగీతం రాయించి, కట్టించి, రిహార్సల్స్‌కి ట్రాక్ చేయించుకోవడానికి రెండు లక్షలు. మిగతాది ఇనప్పెట్టెలకి, తెరకి, తరంగంలో అంచు మీద నిలబడి ఆడే పళ్లేలకి, గజ్జెలకి. పళ్లెం విషయంలో ఒక మాట. అంచు పలచగా ఉన్న పళ్లెం కొనొద్దు, పాదం కోస్తుంది. కొట్లో చెప్పులు విప్పి ఎక్కి చూడండి, నవ్వితే నవ్వనీయండి.

ఇక ఒక ప్రోగ్రాం లెక్క. విజయవాడ నుంచి రాజమండ్రి వెళ్లి ఆడి వచ్చామనుకోండి. నర్తకులు పన్నెండుమందికి రెండున్నర వేల చొప్పున ముప్పై వేలు. పాట, మృదంగం, వయొలిన్, వేణువు, వీణ, ఐదుగురికి తలా ఐదు వేలు, పాతిక వేలు. మేకప్ ఆయన, సహాయకుడు ఏడు వేలు. లైట్ల అబ్బాయి మూడు. మినీ బస్సు పద్దెనిమిది. ఇరవైరెండు మందికి రెండు పూటల తిండి, టీలు తొమ్మిది. పూలు, పారాణి, ఉతుకులు నాలుగు. తొంభై ఆరు వేలు అయింది, మీకింకా ఒక్క రూపాయి లేదు. ఇప్పుడు కమిటీవాళ్లు ఫోన్ చేసి "మేడమ్, మాది దేవుడి కార్యక్రమం, అరవై వేలు బడ్జెట్" అంటారు.

అక్కడ మూడు దారులున్నాయి. ఒకటి, ప్రోగ్రాం వదిలేయడం. రెండు, మనుషుల్ని తగ్గించడం. మూడు, వాద్యాలు మానేసి పెన్‌డ్రైవ్ పెట్టుకెళ్లడం. చాలామంది మూడోదే చేస్తారు. నేనూ చేశాను, రెండేళ్లు. సిగ్గుపడుతూ చెప్తున్నాను, ఆ రెండేళ్లలో మా పిల్లల నాట్యం చచ్చిపోయింది. ట్రాక్ ఆగదు, మనిషి కోసం చూడదు. జడ జారితే అది ముందుకెళ్లిపోతుంది. ఇప్పుడు నా పద్ధతి ఏమిటంటే, తగ్గించాల్సి వస్తే నర్తకుల్ని ఎనిమిదికి దించుతాను, వీణ మానేస్తాను. పాట, మృదంగం, వయొలినో వేణువో ఒకటి, నా తాళాలు, ఇవి మాత్రం ఉండాలి. ఎనిమిదిమందితో ఆడగలిగేలా రూపకాన్ని మొదటే కట్టించుకోండి.

తొమ్మిది లక్షలు ఊపిరి అన్నాను కదా. డబ్బు ఆలస్యంగా వస్తుంది. ఏ సమయంలో చూసినా మూడు నాలుగు ప్రోగ్రాముల డబ్బు బయటే ఉంటుంది. ప్రభుత్వం తరఫు కార్యక్రమమైతే ఆరు నెలలూ అనుకోండి. ఒక ఊరి ఉత్సవ కమిటీ ఇచ్చిన చెక్కు బ్యాంకునుంచి తిరిగొచ్చింది, ఫోన్ చేస్తే కోశాధికారి మారిపోయాడన్నారు. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. అయినా మృదంగం ఆయనకి మర్నాడు పొద్దున ఇవ్వాల్సిందే. ఆయనకి కమిటీ తెలియదు, మీరే తెలుసు. మేకప్ పెట్టెలు మోసిన కుర్రాడికి ఆ రాత్రే, బస్సు దిగకముందే. మా బృందం ఇరవై ఏళ్లు దాటి నిలబడటానికి కారణం నా నాట్యం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అడ్వాన్సు సగం ముందు తీసుకోండి. మిగతా సగం గజ్జె కట్టకముందు. "ప్రోగ్రాం అయ్యాక ఇస్తాం" అంటే నవ్వుతూ, మేకప్ మొదలుపెట్టకుండా కూర్చోండి. కఠినంగా అనిపిస్తుంది, కానీ పిల్లలకి కూడా అదే నేర్పాలి.

ఎక్కడ ఆడతారు, ఎప్పుడు ఆడతారు అన్నది రాసుకుంటే మీకే తెలుస్తుంది. దసరాకి ఇంద్రకీలాద్రి మొదలుకుని ఊరూరా ఉంటాయి. కార్తీకం, ధనుర్మాసం, సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి. తర్వాత ఎండలు, పరీక్షలు. ఆషాఢం పూర్తిగా ఖాళీ. ఆ ఖాళీ నెలల్లో కొత్తది కట్టాలి. మేలో విజయవాడలో మధ్యాహ్నం రిహార్సల్ పెడితే పిల్లలు పడిపోతారు. మేం తెల్లవారుజామున ఐదింటికి పెట్టి ఎనిమిదికి ఆపేస్తాం, తర్వాత పెరుగన్నం.

టైము గురించి ఒక అనుభవం చెప్పకపోతే తప్పవుతుంది. గుంటూరు జిల్లాలోనే ఒక చోట, ఏడు గంటలకి మా గంటన్నర రూపకం. ఐదింటికల్లా మేకప్ అయిపోయింది. ఏడైంది, ముఖ్య అతిథి రాలేదు. ఎనిమిదింపావుకి వచ్చారు. సన్మానాలు, శాలువాలు, ప్రసంగాలు. తొమ్మిదింబావుకి తెర వెనకాల చూస్తే చిన్నపిల్లలు ముగ్గురు ఇనప్పెట్టెల మీద పూర్తి ఆహార్యంలో నిద్రపోతున్నారు. నోరు తెరుచుకుని, పెదాల రంగు చేతికంటుకుని. తొమ్మిదీ ముప్పై ఐదుకి స్టేజీ ఇచ్చారు. పదింటికి పోలీసాయన వచ్చి మైకు ఆపమన్నాడు. ఆయన్ని అనడానికి లేదు, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకి ప్రభుత్వం కొన్నాళ్లపాటు పన్నెండు దాకా సడలించవచ్చు గానీ ఆ అనుమతి ఆ కమిటీ తెచ్చుకోలేదు. పాతిక నిమిషాల్లో గంటన్నర కథ. నేను అక్కడికక్కడే ప్రవేశ దరువు సగం, లేఖ, కలయిక, మంగళం అని సైగ చేశాను. ట్రాక్ మీద ఆడుతుంటే అది జరిగేదే కాదు.

అప్పటినుంచి ప్రతి రూపకం మూడు కొలతల్లో తయారుగా ఉంటుంది. తొంభై నిమిషాలు, యాభై ఐదు, పాతిక. పిల్లలకి మూడూ తెలుసు. గ్రీన్‌రూమ్ గోడ మీద ఏది ఆడుతున్నామో సుద్దతో అంకె వేస్తాం.

చిన్నపిల్లల మాట వచ్చింది కాబట్టి. సినిమాల్లో, టీవీల్లో చేసే పిల్లల కోసం 2017లో కేంద్రం నియమాలు తెచ్చింది. రోజుకు ఐదు గంటలకి మించి పని చేయించకూడదు, విరామం లేకుండా మూడు గంటలకి మించకూడదు, ఐదుగురు పిల్లలకి ఒక పెద్దమనిషి బాధ్యత తీసుకోవాలి, వాళ్ల సంపాదనలో ఇరవై శాతం వాళ్ల పేరున డిపాజిట్ చేయాలి. మన కోసం రాసినవి కాకపోయినా నేను వాటినే పెట్టుకున్నాను. ఐదుగురికి ఒక అమ్మ బస్సులో ఉంటుంది. అమ్మలు వస్తే గోలే అని భయపడతారు. గోల ఉంటుంది. కానీ ఆ అమ్మలే సేఫ్టీ పిన్నులు పట్టుకొస్తారు.

నేల చూసుకోండి. ఇది మీ మోకాలికి నేను చెప్పక్కర్లేదు. పాశ్చాత్య బ్యాలే కంపెనీలు తమ నేలను తామే చుట్టి పట్టుకెళ్తాయి, మనకి ఆ స్తోమత లేదు. మనకి దొరికేది సిమెంటు స్టేజీ, దాని మీద పచ్చ కార్పెట్, కార్పెట్ కింద ఏముందో దేవుడికి తెలియాలి. వెళ్లగానే నేను చెప్పులు వదిలి స్టేజీ అంతా ఒకసారి నడుస్తాను, తర్వాత మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో తడుముతాను. మేకులు, గుండుసూదులు, ఒకసారి విరిగిన సోడా సీసా ముక్క. చీపురు మాతో వస్తుంది. చెక్కస్టేజీ అయితే సంతోషమే కానీ పలకల మధ్య సందులు చూడాలి. గ్రానైట్ అయితే గెంతులు తగ్గించేయండి, ఎవరేమనుకున్నా. ఒక సీజన్‌లో పదిహేను గ్రానైట్ స్టేజీలు ఆడితే పిల్లల ముంగాళ్ల ఎముకలు నొప్పెడతాయి. నొప్పి అని చెప్పిన పిల్లని కూర్చోబెట్టండి. మన గురువులు మనల్ని కూర్చోబెట్టలేదు, అందుకే మీరూ నేనూ ఇలా ఉన్నాం.

ప్రయాణం బస్సులోనే మేలు. ఇదివరకు ప్రదర్శనకి వెళ్లే కళాకారులకి స్లీపర్ టికెట్ పావు ధరకే వచ్చేది, 2020 మార్చిలో కరోనా రాగానే రైల్వే చాలా రాయితీలు ఆపేసింది, మనదీ పోయింది. పైగా ఇనప్పెట్టెలతో విజయవాడ స్టేషన్‌లో వంతెన ఎక్కి దిగడం ఎవరివల్లా కాదు.

రిజిస్ట్రేషన్ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఇది పెద్ద విషయమే కాదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం 2001 కింద ఏడుగురు సభ్యులతో సొసైటీ పెట్టండి. ఏడుగురిలో మీ ఇంటివాళ్లు అందరూ ఉంటే తర్వాత గ్రాంట్ల దగ్గర అడుగుతారు. ఒక డాక్టరునో, రిటైరైన లెక్చరరునో కలుపుకోండి. పాన్, బ్యాంకు ఖాతా, తర్వాత విరాళాల కోసం 12ఎ, 80జి అని పిలుస్తూ వచ్చిన ఆదాయపు పన్ను నమోదులు. శాస్త్రీయ నృత్య ప్రదర్శనకి కళాకారుడి పారితోషికం ప్రోగ్రాముకి లక్షన్నర దాటకపోతే జీఎస్టీ మినహాయింపు ఉంది. బిల్లు సొసైటీ పేరుమీద వేయాలా, మీ పేరునా అన్నది ఆడిటర్‌ని ముందే అడగండి. స్వచ్ఛంద సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఎన్జీవో దర్పణ్ వెబ్‌సైట్లో నమోదు చేసుకోండి, అది లేకపోతే కేంద్రం గ్రాంట్లకి దరఖాస్తే పెట్టలేరు. కేంద్ర సాంస్కృతిక శాఖ వారి గురుశిష్య పరంపర రెపర్టరీ గ్రాంటు ఉంది, నృత్యానికైతే గురువుకి, పదిమంది దాకా శిష్యులకి నెలనెలా కొంత ఇస్తారు. రాసి పెట్టండి, కానీ దాన్ని నమ్ముకుని ఎవరికీ మాట ఇవ్వకండి. తంజావూరు, నాగపూర్ సాంస్కృతిక కేంద్రాలకి కూడా మీ వీడియో పంపండి. వీడియో ఒకే కెమెరాతో, కోతలు లేకుండా, మొత్తం బృందం కనిపించేలా ఉండాలి. డ్రోన్ షాట్లు వద్దు.

మనుషులు ఎక్కడ దొరుకుతారు అంటే, మా విజయవాడలో ఘంటసాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో చదివిన పిల్లలు, కూచిపూడిలో కళాపీఠంలో చదివినవాళ్లు. కుర్రాళ్లని వదలకండి. ఒకప్పుడు భామ వేషం మగవాళ్లదే, వేదాంతం సత్యనారాయణశర్మగారి భామని చూసి ఆడవాళ్లు నడక నేర్చుకున్నారంటారు. ఇప్పుడు కృష్ణుడికి కూడా కుర్రాడు దొరకడం లేదు. 2016 డిసెంబరులో మా ఊళ్లో ఆరు వేలమందికి పైగా ఒకేసారి కూచిపూడి ఆడి రికార్డు కొట్టారు, మంచిదే. మర్నాడు నాకు ఒక్క మృదంగం కుర్రాడు కావాలంటే దొరకలేదు.

పెట్టెలు కింది అంతస్తులో పెట్టొద్దు. నేను పెట్టాను. సింగ్‌నగర్‌లో అద్దె తక్కువని ఒక గది తీసుకుని ఆహార్యమంతా అక్కడే ఉంచాం. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి వచ్చింది. నాలుగో రోజు లోపలికి వెళ్లగలిగాం. పట్టు అంతా బురద రంగు, ఒకదాని రంగు ఇంకోదానికి దిగి గడ్డకట్టింది. ఇరవై మూడేళ్లలో కట్టించినవి. రాగిడిలు, చంద్రవంకలు బక్కెట్లో వేసి చింతపండుతో తోమాం, కొన్ని తేరాయి. తరంగం పళ్లేలు మాత్రం కడిగితే మామూలుగా అయిపోయాయి. ఆ దసరాకి మూడు బృందాలవాళ్లు వాళ్ల బట్టలు ఇచ్చారు. అందులో ఒకావిడతో నేను ఆరేళ్లుగా మాట్లాడటం లేదు, ఆవిడే ముందు పంపింది. బీమా ఉందా అని అందరూ అడిగారు, లేదు. మీరు చేయించండి.

మొదటి ఏడాది ఏం చేయాలంటే, ఎనిమిదిమంది, ఒకే ఒక్క రూపకం, యాభై ఐదు నిమిషాలది. గుంటూరులో వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో, తెనాలిలోనో మొదలుపెట్టండి. తెనాలివాళ్లకి నాటకం తెలుసు, బాగోలేకపోతే ముఖానే చెప్తారు, అది మీకు మంచిది. మొదటి ప్రదర్శన చెన్నైలో మీ పాత బృందం ఎదుట పెట్టాలని ఉంటుంది. ఉండనీయండి, వెళ్లకండి. కొన్నాళ్లు భామ మీరే చేస్తానంటే నేను ఆపలేను, ఎవరూ ఆపలేరు. కానీ మొదటి రోజునుంచే ఇంకో అమ్మాయికి అదే భామ నేర్పుతూ ఉండండి, ఆ అమ్మాయి పేరు కరపత్రంలో వేయండి.

నట్టువాంగానికి ఎవరూ దొరక్కపోతే శని, ఆదివారాలు మా దగ్గరికి రండి. గుంటూరు నుంచి బస్సులో గంట, గంటంబావు. వరద తర్వాత హాలు, పెట్టెలు అన్నీ రెండో అంతస్తుకి మార్చేశాం, లిఫ్టు లేదు. మెట్లు కష్టమైతే కిందనుంచే ఫోన్ చేయండి, తాళాలు నేనే కిందికి తెస్తాను.